జుట్టుపోలిగాడి వారసుడికి

తమ్ముడూ,

నీ స్క్రిప్టు చదివాను. కార్పొరేట్ జూనియర్ కాలేజీ హాస్టల్ మీద పదిహేను నిమిషాల యానిమేషన్ వ్యంగ్యం, అదీ తెలుగులో. ముందు అందుకు సంతోషం. ఉత్తరంలో నువ్వడిగింది ఒక్కటే: "సార్, ఎంతదూరం వెళ్ళొచ్చు?" సౌత్ పార్క్ అనే అమెరికన్ కార్టూన్ షో చూస్తూ పెరిగానని, వాళ్ళు వెళ్ళినంత దూరం మనమెందుకు వెళ్ళకూడదని కూడా రాశావు.

ఎంతదూరం అంటే నా దగ్గర కొలబద్ద లేదు. ఉందని ఎవరైనా అంటే నమ్మకు. గీత దాటాక అక్కడ నీకేం పని అని మాత్రం అడుగుతాను. మెస్‌లో వాంతి సీనుకి పని ఉంది. నత్తి కుర్రాడి సీనుకి లేదు. సీలింగ్ ఫ్యాన్ల సీనుకి బోలెడంత పని ఉంది, నువ్వే సగం చెడగొట్టావు. ఈ మూడింటి గురించే చెప్తాను, మధ్యలో నీ సౌత్ పార్క్ దగ్గరికీ వెళ్ళొద్దాం. నువ్వు దాన్ని చూశావు గానీ, ఎలా కట్టారో గమనించినట్టు లేదు.

బొమ్మకి ఒక వెసులుబాటు ఉంటుంది. అది మనకి కొత్త కాదు. తోలుబొమ్మలాటలో తెల్లవార్లూ రామాయణం నడుస్తుంటే, జనం కునికిపాట్లు పడే వేళకి జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు అనే హాస్యపు బొమ్మలు దిగేవి. వాళ్ళాడే మాటలు పగటిపూట రచ్చబండ దగ్గర మనిషన్నవాడు ఆడితే తన్నులు తప్పవు. తెర మీద తోలుముక్క ఆడింది కాబట్టి ముసలీ ముతకా, పిల్లా జెల్లా కలిసి కూర్చునే నవ్వారు. ఇంకో సంగతి. ఆ బూతు సీతమ్మ వైపు పోదు. పోలిగాడు ఒకటంటే బంగారక్క రెండంటుంది. దెబ్బ తిన్నవాళ్ళకి తిరిగి కొట్టే నోరుంటుంది.

సౌత్ పార్క్ ఆ తోలుముక్కలకి దూరపు చుట్టమే. 1997 ఆగస్టు 13న కామెడీ సెంట్రల్ అనే కేబుల్ చానల్లో మొదలైంది. దాన్ని పుట్టించిన ట్రే పార్కర్, మాట్ స్టోన్ మొదటి ఎపిసోడ్‌ని రంగు కాగితాలు కత్తిరించి, ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటూ తీశారు. తర్వాత కంప్యూటర్లకి మారినా ఆ కాగితపు మొరటుతనాన్ని కావాలనే ఉంచుకున్నారు. ఆ గుండ్రటి తలకాయలు అనే మాటల్ని నిజం పిల్లల చేత అనిపించి చూడు, అయిదు నిమిషాలు కూర్చోలేవు. అందులో కెన్నీ అనే పిల్లాణ్ణే తీసుకో. మొదటి అయిదు సీజన్లలో దాదాపు ప్రతి ఎపిసోడ్‌లోనూ చస్తాడు, మళ్ళీ వారం ఏమీ ఎరగనట్టు బడికొస్తాడు. ఆ చావుకి బరువు లేదు కాబట్టే నవ్వొస్తుంది. అదే 2001 డిసెంబరులో వాళ్ళే కెన్నీని ఆసుపత్రి మంచమెక్కించి, జబ్బుతో చంపారు. వాడి నేస్తం స్టాన్‌కి ఆ గదిలోకి వెళ్ళి వాణ్ణి చూసే ధైర్యం చాలదు. బొమ్మ అదే, చావూ అదే, కానీ గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఫ్యాన్ల సీను దగ్గర దీన్ని మళ్ళీ గుర్తుచేస్తాను.

వాంతి సీను పక్కన పెన్సిల్‌తో "మరీ నీచంగా ఉందా?" అని రాసుకున్నావు. ఉంది. ఉండనీ. కుర్రాడు కక్కుకుంటే వార్డెన్ వచ్చి వీపు నిమరకుండా, కింద పడ్డ మెతుకులు లెక్కపెట్టి, "కట్టిన ఫీజు కంటే రెండు ముద్దలు ఎక్కువ తిన్నావురా" అంటాడు చూడు, ఆ మాటతో ఆ గలీజుకి ఒక అర్థం వచ్చింది. చూసేవాడికి కడుపులో తిప్పుతుంది, తిప్పింది మాత్రం వార్డెన్ని చూసి. మరి అదే వాంతిని ఇంకా మూడు చోట్ల ఎందుకు పెట్టావు?

నీచమైనదాన్ని మళ్ళీ మళ్ళీ అనడానికీ ఒక పద్ధతుంది. 2001 జూన్ 20న వచ్చిన సౌత్ పార్క్ ఎపిసోడ్‌లో మలానికి ఇంగ్లీషులో వాడే మొరటు మాట 162 సార్లు వస్తుంది. తెర మూలన అంకె తిరుగుతూనే ఉంటుంది. ఫలానా టీవీ సీరియల్లో ఆ మాట మొదటిసారి వినబడబోతోందని కథలో ఊరూవాడా పండగ చేసుకుంటుంది. మొదట్లో ఉలిక్కిపడతాం, కాసేపటికి విసుగొస్తుంది, నూరు దాటేసరికి ఆ మాట చచ్చిన పామైపోతుంది. ఆ విసుగు పుట్టించడమే వాళ్ళ ఎత్తు. ఒక బూతుమాటని ఊరించి రేటింగులు దండుకునే చానళ్ళకి పెట్టిన వాత అది. నీ మూడు వాంతులకీ అలాంటి లెక్క ఏదైనా ఉంటే చెప్పు, లేకపోతే కొట్టెయ్.

వాళ్ళకంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందంటావా? ధైర్యం సగం, చట్టం సగం. ఫాక్స్ లాంటి ప్రసార చానళ్ళకి అమెరికాలో పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా అసభ్యత మీద ఎఫ్‌సీసీ అనే ప్రభుత్వ సంస్థ ఆంక్షలున్నాయి. చందా కట్టి చూసే కేబుల్‌కి అవి వర్తించవు, అక్కడ కాపలా కాసేది ప్రకటనలిచ్చే కంపెనీలు. మన కేబుల్ టీవీకి 1994 నియమాలున్నాయి. ప్రోగ్రాం కోడ్ తెరిస్తే మొట్టమొదటి వాక్యమే సదభిరుచికీ మర్యాదకీ భంగం కలిగించే కార్యక్రమం వెయ్యకూడదని. ఆ అభిరుచి ఎవరిదో మాత్రం రాయలేదు! నువ్వు యూట్యూబ్‌లో పెడతానంటున్నావు, ఆ కోడ్ కేబుల్‌కే. అయితే స్టేషన్‌కెళ్ళి ఫిర్యాదు రాసిచ్చేవాడికి ఏ కోడూ అడ్డం కాదు. ఆ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకో.

అసలు నీ స్క్రిప్టుకున్న జబ్బు బూతు కాదు, అతుకులు. ఫిజిక్స్ లెక్చరర్ ఉన్నట్టుండి సినిమా హీరో డైలాగు కొడతాడు. ఎందుకు? నీకు ఆ డైలాగంటే ఇష్టం కాబట్టి. ఆ డైలాగు వార్డెన్ చెప్పినా, వాచ్‌మన్ చెప్పినా ఒకటే. 2006 ఏప్రిల్లో సౌత్ పార్క్‌వాళ్ళు తమ పోటీ కార్టూన్ షో ఫ్యామిలీ గైని దీని మీదే ఏకిపారేశారు. ఆ షో రాసేదెవరా అని వెళ్ళి చూస్తే నీళ్ళ తొట్టిలో మానటీలు, అదే సముద్రపు ఆవులు. మాటలు రాసున్న బంతుల్ని ముక్కుతో నెడుతుంటాయి, వచ్చిన బంతులన్నీ కలిపితే ఒక జోకు! దారుణమైన వెక్కిరింపే, కానీ రాసేవాడికి పాఠం. 2011లో న్యూయార్క్ యూనివర్సిటీ పిల్లల ముందు పార్కర్, స్టోన్ ఇదే సంగతి విప్పి చెప్పారు. ఒక సీనుకీ తర్వాతి సీనుకీ మధ్య "ఆ తర్వాత" అన్న మాట పడుతోందంటే నీ పని అయిపోయినట్టే. అక్కడ "అందుకని" పడాలి, లేదా "కానీ" పడాలి. నీ కాగితాలు తీసి ప్రతి సీను మధ్యా ఆ మాటలు రాసి చూసుకో. నేను రాసి చూశాను, "ఆ తర్వాత"లే ఎక్కువ తేలాయి.

వాళ్ళు ఒక్కో ఎపిసోడ్‌ని ఆరు రోజుల్లో కడతారు, బుధవారం ప్రసారం. 2013 అక్టోబరులో స్టూడియోలో కరెంటు పోయి మొదటిసారి గడువు తప్పారు. (మన దగ్గరైతే ఇన్వర్టర్ పెట్టుకునేవాళ్ళం.) అంత హడావిడిలోనూ ఆ "అందుకని" తప్పదు. నీకు ఆరు నెలల టైముంది.

ఇప్పుడు నత్తి కుర్రాడు. హాజరు పిలుస్తారు, "ప్రె... ప్రె..." అంటుంటాడు, "ప్రెజెంట్" పూర్తయ్యేలోపు లెక్చరర్ ఆబ్సెంట్ వేసేస్తాడు, క్లాసంతా ఘొల్లు. మళ్ళీ మర్నాడూ అంతే. ఆ కుర్రాడికి పేరు లేదు, కోరిక లేదు, నత్తి ఒక్కటే ఉంది. సౌత్ పార్క్‌లో జిమ్మీ ఉన్నాడు కదా. చంకకర్రలు, నత్తి. వాడి మీద వేసిన జోకులు నువ్వు రాసినదానికంటే ఎన్నో రెట్లు ఘోరం. కానీ వాడు స్టాండప్ కమెడియన్, ఊళ్ళో అందరికంటే బాగా నవ్వించేది వాడే. 2009లో వచ్చిన ఎపిసోడ్‌లో దేశమంతా చెప్పుకునే జోకొకటి జిమ్మీ పుట్టిస్తాడు. పక్కన సోఫాలో పడి చిప్స్ తిన్న కార్ట్‌మన్ అనే తోటి పిల్లాడు, సగం నాదే అంటాడు, అనడమే కాదు మనస్ఫూర్తిగా నమ్ముతాడు. అక్కడ మనం నవ్వేది నత్తిని చూసి కాదు, ఇంకొకడి కష్టం కాజేసేవాడి నిబ్బరాన్ని చూసి.

ఫ్యామిలీ గైని తిట్టానని చులకన చేశాననుకోకు. 2010 ఫిబ్రవరిలో వాళ్ళొక ఎపిసోడ్ వేశారు. క్రిస్ అనే కుర్రాడు డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల మందగించే స్థితి) ఉన్న ఎలెన్ అనే అమ్మాయితో డేటింగ్‌కి వెళ్తాడు. తీరా చూస్తే ఆ అమ్మాయి గయ్యాళి. పెత్తనం, విసురు, ఆజ్ఞలు. భరించలేక వదిలేసి పారిపోతాడు. మధ్యలో ఆ అమ్మాయి మా అమ్మ అలాస్కా మాజీ గవర్నర్ అంటుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పసివాడి తల్లి, అలాస్కా మాజీ గవర్నర్ సారా పేలిన్‌కి ఒళ్ళు మండింది. ఎవరికైనా మండుతుంది. అయితే ఎలెన్‌కి గొంతిచ్చిన ఆండ్రియా ఫే ఫ్రీడ్‌మన్‌కీ డౌన్ సిండ్రోమే. ఆవిడ ఆ జోకుని సమర్థించింది. నా లెక్కలో పేలిన్ మీది విసురు అనవసరం, పసివాడేం చేశాడు పాపం. ఎలెన్‌ని గయ్యాళిగా రాయడం మాత్రం బంగారం. జాలిపడి దేవతని చెయ్యలేదు, వెక్కిరించి బొమ్మనీ చెయ్యలేదు. చెడ్డగా ఉండే హక్కు ఆ అమ్మాయికిచ్చారు. నీ నత్తి కుర్రాడికి ఒక పేరు పెట్టి, లెక్చరర్‌కి నోరు మూతపడేలాంటి పొగరు మాట ఒకటి ఇవ్వు. నత్తితోనే అననీ. అనడానికి ఎంతసేపు పడితే అంతసేపు క్లాసంతా ఊపిరి బిగపట్టి కూర్చోవాలి.

మీ మెస్‌లో వంట చేసే ఒడిశా కుర్రాడున్నాడే, "నేను వచ్చింది, నువ్వు పోయింది" అనేవాడు. నాకూ నవ్వొచ్చింది. వాడి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ది సింప్సన్స్ అనే ఇంకో అమెరికన్ కార్టూన్ షో 1989 డిసెంబరు 17న ఫాక్స్‌లో మొదలైంది. మరుసటి ఏడు అందులోకి అపు అనే భారతీయ దుకాణదారు వచ్చాడు. ఇంటిపేరు నహసపీమపెటిలాన్. మన పేర్లు వాళ్ళ చెవికెలా వినబడతాయో అలా రాసేశారు. గొంతు హాంక్ అజారియా అనే తెల్లనటుడిది. ఆ గొంతుకి 1998లో ఎమ్మీ అనే టీవీ అవార్డు కూడా ఇచ్చారు. "థాంక్యూ, కమ్ అగైన్" అన్న అపు ఊతపదం అమెరికా బళ్ళలో మన పిల్లల్ని ఏడిపించే పాటైంది. తొంభైల్లో అక్కడ చదువుకున్న మీ బంధువులెవరైనా ఉంటే అడుగు, చెప్తారు. వాళ్ళలో ఒకడు న్యూయార్క్ క్వీన్స్‌లో పెరిగిన తెలుగింటి పిల్లాడు, హరి కొండబోలు. పెద్దయ్యాక కమెడియనయ్యాడు. 2012లో టీవీలో అతనన్న మాట: మా నాన్నని ఎగతాళి చేసే తెల్లవాడొకడుంటే, వాణ్ణి అనుకరించే ఇంకో తెల్లవాడి గొంతే అపు గొంతు. అయిదేళ్ళ తర్వాత అదే విషయం మీద ద ప్రాబ్లమ్ విత్ అపు అని డాక్యుమెంటరీ తీశాడు. అతను సింప్సన్స్‌కి వీరాభిమాని కూడా, ఆ పాత్రని చంపెయ్యమని అతనడగలేదు.

చిక్కేమిటంటే, అపుని ఎప్పుడూ చెత్తగా రాయలేదు. 1996 మేలో వచ్చిన ఎపిసోడ్ వెతికి చూడు. ఊళ్ళోకి ఎలుగుబంటి వచ్చిందని గగ్గోలు, కాపలాకి పన్ను, పన్ను మీద మళ్ళీ గగ్గోలు. మేయర్ తప్పించుకోవడానికి తప్పంతా వలసవాళ్ళ మీదికి తోసేస్తాడు. 1994లో కాలిఫోర్నియా ఓటేసిన, అనుమతి పత్రాల్లేని వలసవాళ్ళకి ప్రభుత్వ సేవలు ఆపే 187వ ప్రతిపాదనకి పెట్టిన చురక అది. దేశం నుంచి పంపేస్తారన్న భయంతో అపు పౌరసత్వ పరీక్షకి కూర్చుంటాడు. అమెరికా అంతర్యుద్ధానికి కారణమేంటని అధికారి అడుగుతాడు. అపు ఆర్థిక కారణాలు, సామాజిక కారణాలు అంటూ పద్ధతిగా మొదలెడతాడు. అధికారి మధ్యలోనే ఆపి, "బానిసత్వం అని చెప్పేసెయ్" అంటాడు. సరే, బానిసత్వమేనండీ అంటాడు అపు. పరీక్ష పెట్టేవాడికంటే రాసేవాడికి ఎక్కువ తెలుసు, అయినా పాసవ్వాలంటే తెలియనట్టుండాలి. వలస బతుకు మీద ఇంత పదునైన జోకు టీవీలో అరుదు.

బడిలో పిల్లలు అనుకరించింది ఆ జవాబుని కాదు. ఊతపదాన్ని. ఎందుకంటే ఏళ్ళ తరబడి అమెరికన్ టీవీలో పిల్లలకి తెలిసిన భారతీయుడు దాదాపు అతనొక్కడే. పక్కన ఇంకో పదిమంది రకరకాల భారతీయులు, అంటే డాక్టరు, దొంగ, పిసినారి, ప్రేమికుడు, ఉండుంటే అపు ఒక మనిషిగా మిగిలేవాడు. ఒక్కడే కావడంతో జాతికి నమూనా అయి కూర్చున్నాడు.

నాకు అంతకంటే రోత పుట్టించింది తర్వాతి కథ. 2018 ఏప్రిల్ 8 ఎపిసోడ్‌లో సింప్సన్స్ దీనికి జవాబిచ్చింది. ఆ ఇంటికి మనస్సాక్షి లాంటి లీసా చేతే, ఒకప్పుడు అందరూ చప్పట్లు కొట్టినది ఇప్పుడు తప్పైపోయింది, ఏం చేస్తాం అనిపించారు. పక్కన అపు ఫోటో. సృష్టికర్త మాట్ గ్రేనింగేమో ఈ రోజుల్లో జనానికి మనసు నొచ్చుకున్నట్టు నటించడం సరదా అన్నాడు. దశాబ్దాల పాటు అందర్నీ ఆడిపోసుకున్న షో, తన మీదికి ఒక్క ప్రశ్న వచ్చేసరికి మూతి ముడుచుకుంది! జోకు కూడా తట్టలేదు వాళ్ళకి. అజారియా నయం. 2020లో ఆ గొంతు వదిలేశాడు, మరుసటి ఏడు బాహాటంగా క్షమాపణ చెప్పాడు. నీ ఒడిశా కుర్రాడి యాస తీసెయ్యమని చెప్పను. ఆ పదిహేను నిమిషాల్లో వాడికి యాస తప్ప ఇంకేం ఉందో చూసుకోమంటాను. మనవాళ్ళు తెర మీద శ్రీకాకుళం యాసకీ, తెలంగాణ యాసకీ ఏళ్ళ తరబడి ఇదే చేశారని వేరే చెప్పాలా?

"మేం అందర్నీ సమానంగా తిడతాం" అని సౌత్ పార్క్ తరఫున వాదించేవాళ్ళుంటారు, నీ ఉత్తరంలోనూ ఆ ఛాయ ఉంది. అది బద్ధకపు వాదన. బలమున్నవాణ్ణీ లేనివాణ్ణీ ఒకే చెప్పుతో కొడితే దెబ్బ సమానంగా తగలదు. 2006లో అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్‌ని, మ్యాన్‌బేర్‌పిగ్ అనే లేని మృగం వెంట పడే పిచ్చివాడిగా చూపించారు, వాతావరణ మార్పు మీద ఆయన ప్రచారానికి అది వెటకారం. 2018 నవంబరులో వాళ్ళే ఆ మృగాన్ని నిజం చేసి ఊరి మీదికి తోలి, పిల్లల చేత గోర్‌కి క్షమాపణ చెప్పించారు. ఆ పని చేసినందుకు వాళ్ళంటే నాకు గౌరవం పెరిగింది, అది వేరే సంగతి.

వాళ్ళ అత్యుత్తమ పని అడిగితే నేను 2007 మార్చి 7 ఎపిసోడ్ పేరు చెప్తాను. స్టాన్ తండ్రి రాండీ టీవీ గేమ్‌షోలో పలక ముందు నిలబడతాడు. ఒక్క అక్షరం ఖాళీ. ఆధారం: మనకి చిరాకు తెప్పించేవాళ్ళు. టైము అయిపోతోంది. చెమటలు పట్టి, నల్లవాళ్ళని తిట్టే అతినీచమైన మాటని లైవ్‌లో అనేస్తాడు. సరైన జవాబు సణిగేవాళ్ళు అని. ఇంగ్లీషులో ఆ రెండు మాటలకీ ఆ ఒక్క అక్షరమే తేడా. ఆ తిట్టు ఎపిసోడ్ పొడుగునా వినబడుతుంది, బీప్ లేదు. నవ్వు మాత్రం తెల్లవాడి కంగారు మీద. కింద ఇంకో కథ నడుస్తుంటుంది. స్టాన్ తన నల్లజాతి స్నేహితుడు టోకెన్ దగ్గరికి మాటిమాటికీ వెళ్ళి, "నాకర్థమైంది, మనం మనం ఒకటే" అంటాడు. టోకెన్ కాదంటాడు. చివరికి స్టాన్, నాకెప్పటికీ అర్థం కాదని నాకర్థమైంది అన్నప్పుడు టోకెన్ నవ్వుతాడు. అంత బురదలో దిగింది ఆ రెండు ముక్కలకోసం.

మరి ఫ్యాన్లు. 2023 ఆగస్టులో రాజస్థాన్ కోటాలో కోచింగ్ పిల్లల ఆత్మహత్యలు ఆపడానికి హాస్టల్ గదుల్లో బరువు పడితే కిందికి జారిపోయే స్ప్రింగు ఫ్యాన్లు బిగించమని జిల్లా అధికారులు ఆదేశించారు. దాన్ని పట్టుకుని నువ్వు రాసిన ప్రెస్‌మీట్ ఉందే! చైర్మన్ కొత్త ఫ్యానుకి రిబ్బన్ కత్తిరిస్తాడు, "మా క్యాంపస్‌లో ఇక నిశ్చింత, ఫ్యానుకి అయిదేళ్ళ వారంటీ" అంటాడు, విలేఖరి "పిల్లలకో?" అంటే "వాళ్ళది రెండేళ్ళ కోర్సే కదా" అంటాడు. ఒళ్ళు జలదరించింది. ఇంత నీచమైన జోకు ఈ మధ్య చదవలేదు, ఒక్క అక్షరం మార్చకు. కానీ ఆ వెంటనే ఒక పిల్లాడి మీద ఆ ఫ్యాను ప్రయోగం చూపించి, వాడు కింద పడితే "బొయ్యింగ్" అని శబ్దం పెట్టావు. దాంతో కుప్పకూలింది. అప్పటిదాకా చైర్మన్ని చూసి నవ్వినవాణ్ణి, ఆ పిల్లాణ్ణి చూసి నవ్వమంటున్నావు. కెన్నీకి చావు బరువు లేదు, మళ్ళీ వారం వస్తాడు. నీ పిల్లాడు ఎక్కడి వాడో చూసేవాళ్ళకి తెలుసు. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళంలో పోయిన పిల్లల తల్లిదండ్రులు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఆ షాటు తీసెయ్. కెమెరాని చైర్మన్ మొహం మీంచి కదలనివ్వకు.

విడుదల తేదీ కూడా ఆలోచించు. ఏప్రిల్లో, ఫలితాల వారంలో వద్దు. బోస్టన్ మారథాన్‌లో పీటర్ అనే ముఖ్యపాత్ర మనుషుల్ని గుద్దుకుంటూ కారు తోలే జోకున్న ఫ్యామిలీ గై ఎపిసోడ్‌ని ఫాక్స్ 2013 మార్చిలో వేసింది. ఏప్రిల్ 15న అదే పరుగులో బాంబులు పేలాయి. వెబ్‌సైట్ల నుంచి ఎపిసోడ్ తీసేయాల్సొచ్చింది. వాళ్ళది దురదృష్టం. నీకు ఫలితాలెప్పుడొస్తాయో ముందే తెలుసు.

మత సంగతులు నీ స్క్రిప్టులో లేవు కాబట్టి వాటి జోలికి పోను. 2010లో మతం పేరు మీద బెదిరింపులొచ్చాక సౌత్ పార్క్ ఎపిసోడ్‌లో భయం గురించి చెప్పిన చివరి ప్రసంగాన్ని కూడా చానల్ బీప్‌లతో నింపేసింది. అభిరుచి పేరు చెప్పి గీసే గీతల్లో కొన్ని ఇలాంటి భయంతో గీసినవే. ఏది ఏదో నువ్వే పోల్చుకోవాలి.

సరే, పని. వాంతి ఒక్కటే ఉంచు. లెక్చరర్ సినిమా డైలాగు కొట్టెయ్. నత్తి కుర్రాడి సీను మొదట్నుంచీ మళ్ళీ రాయి. ఒడిశా కుర్రాడికి మెస్ లెక్కల్లో దొంగతనం కనిపెట్టే పని ఇస్తే ఎలా ఉంటుందో చూడు, వార్డెన్ మెతుకుల లెక్కకి అది ముడిపడుతుంది. బొమ్మలు గీయించే ముందు హాస్టల్లో చదివిన నలుగురైదుగుర్ని కూర్చోబెట్టి పైకి చదివి వినిపించు, నత్తి ఉన్నవాళ్ళు ఒకరైనా అందులో ఉండాలి. ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారో మార్జిన్లో రాసుకో. ఆ కాపీ నాకు పంపు, శుభ్రంగా తిరగరాసింది వద్దు.

ఉంటాను,
అన్న